7 ఎం.ఎం. రెమింగ్టన్ మ్యాగ్నమ్: ఎల్క్ వేటకు మా తమ్ముడు ఎంచుకున్న తూటా

విజయనగరంలో సిరిమాను తిరిగే అక్టోబరులోనే కొలరాడోలో ఎల్క్ వేట కూడా సాగుతుంది గనుక, అక్కడ స్థిరపడిన మా తమ్ముడు ఏటా పైడితల్లమ్మ పండగకో వేటకో దూరమవుతుంటాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దగ్గర వేట నేరమైంది. అక్కడ లైసెన్సు తీసుకుని చేసుకోవచ్చు. నిరుడు వాడు షూటింగ్ రేంజిలో మూడు రకాల తూటాలు పేలుస్తుంటే, పక్కన కూర్చుని దుర్భిణిలో చూస్తూ నేను రాసుకున్న లెక్కలే ఈ సమీక్షకు ఆధారం.

ఎల్క్ మన కణుజుకు చుట్టం. మగది 300 కిలోల దాకా తూగుతుంది, కానీ గుండు తగలవలసిన ఊపిరితిత్తుల చోటు అడుగున్నరకు మించదు.

ఆ మూడింటిలో మొదటిది, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్, పేల్చినప్పుడు భుజాన్ని పెద్దగా తన్నదు, గురి ఇట్టే కుదురుతుంది. జింకకైతే దీనికి మించి అక్కర్లేదు. అయితే 143 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) గుండు సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయలుదేరినా, ఎల్క్‌కు కనీసంగా చాలామంది వేటగాళ్లు చెప్పే 1,500 అడుగు-పౌండ్ల శక్తి 400 గజాలకు చేరేసరికి దానిలో మిగలదు.

300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌కు శక్తిలో లోటు లేదు. ఇబ్బందల్లా మా వాడి భుజంతోనే వచ్చింది. నాలుగో గుండు తర్వాత రేంజి నిర్వాహకుడు వాడికి తెలియకుండా ఖాళీ తుపాకీ చేతికిచ్చాడు. మీట నొక్కగానే టిక్కుమని చప్పుడైందే తప్ప ఏమీ పేలలేదు, అయినా గొట్టం మూతి కిందికి దిగింది, వాడి కళ్లు గట్టిగా మూసుకున్నాయి. తుపాకీ తన్నుతుందన్న భయంతో ముందే ఉలిక్కిపడుతున్నాడన్నమాట.

1962 నాటి 7 ఎం.ఎం. రెమింగ్టన్ మ్యాగ్నమ్ ఈ రెంటికీ నడుమ కుదిరింది. 162 గ్రెయిన్ల గుండు 2,940 అడుగుల వేగంతో వెళ్లి, కంపెనీ పట్టిక ప్రకారం 500 గజాల దగ్గర కూడా 1,500 అడుగు-పౌండ్లకు పైగా నిలుపుకుంటుంది. ఇత్తడి గుల్ల అడుగున గోటికి తగిలే చిన్న పట్టీ ఉంటుంది. అది పాత తూటాల నుంచి వచ్చిన ఆనవాయితీయే గాని, ఈ ఆకారానికి దాని అవసరం అంతగా లేదు. గొట్టం 24 అంగుళాలకు తగ్గితే చెప్పిన వేగం రాదు. పెట్టెలో 20 తూటాలే వస్తాయి, సాధనకు ఖర్చు బాగానే తగులుతుంది.

ఏ తూటా కొన్నా గాలి లెక్క తప్పదు. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 500 గజాల దగ్గర ఈ మూడింటిలో దేన్నైనా అడుగుకు పైగా పక్కకు నెడుతుంది. అందుకే వేటలో మొదటి ఎల్క్ 520 గజాల దూరాన, చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టు మీది గేదెను చూసినట్టు కనిపించినా, గాలికి గడ్డి వంగడం చూసి తమ్ముడు తుపాకీ దించేశాడు. మర్నాడు 320 గజాల దగ్గర ఒక్క గుండుతో పని పూర్తయింది.

ఈ ఏటికీ అవే తూటాలు రెండు పెట్టెలు కొన్నాడట. పండగకు రాలేనని అమ్మకు చెప్పే పని మాత్రం నాకు అప్పగించాడు.