20 నానోమీటర్లని రాసిన సీసాలో 20 లేదు

నాకు కావాల్సింది ఒకటే: కణం చిన్నదయ్యే కొద్దీ మాంగనైట్ (మాంగనీస్, ఆక్సిజన్ ఉన్న అయస్కాంత పదార్థం) అయస్కాంతత్వం ఎలా మారుతుందో పక్కపక్కన పెట్టి చూపడం. అందుకే స్ట్రాన్షియం 30 శాతం కలిసిన లాంథనమ్ మాంగనైట్ నానోపొడిని ఒకే సప్లయర్ దగ్గర రెండు సీసాలు తెప్పించాను. లేబుల్ ప్రకారం ఒకటి 50 నానోమీటర్లు, ఇంకోటి 20.

50 సీసాకు వంక పెట్టడానికి లేదు. బటర్ పేపర్ మీద చిటికెడు నల్లపొడి వేసి కింద అయస్కాంతం పెడితే రోమాల్లా నిక్కబొడుచుకుంది. ఎక్స్‌ఆర్‌డీలో, అంటే ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్షలో, వేరే ఫేజ్ (మరో స్ఫటిక పదార్థం) జాడ లేదు. క్యూరీ ఉష్ణోగ్రత, అంటే పదార్థం ఫెర్రో అయస్కాంతత్వం కోల్పోయే ఉష్ణోగ్రత, 355 కెల్విన్ దగ్గర వచ్చింది. పెద్ద రేణువుల్లో అది సుమారు 370 ఉంటుంది కాబట్టి ఈపాటి తగ్గుదల అనుకున్నదే.

గొడవంతా 20 సీసాతోనే. దాని అయస్కాంతీకరణ 50 దానితో దాదాపు సమానంగా వచ్చింది. అలా రాకూడదు. మాంగనైట్‌లో ఎలక్ట్రాన్ ఒక మాంగనీస్ నుంచి ఆక్సిజన్ మీదుగా పక్క మాంగనీస్‌కు దూకుతుంటుంది, స్పిన్‌లను (ఎలక్ట్రాన్ల చిట్టి అయస్కాంతాలను) ఒకే దిక్కున నిలబెట్టేది ఆ దూకడమే. కణం అంచున ఆ దారి తెగిపోయి స్పిన్‌లు చెదిరిపోతాయి. చెదిరిన పొర మందం 2 నానోమీటర్లు అనుకుని లెక్కేయండి. 50 కణంలో 22 శాతం ఘనపరిమాణం పోతుంది, 20 కణంలో 49 శాతం. దాదాపు సగం!

ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను. మళ్లీ తూచాను. వీఎస్‌ఎమ్‌లో (శాంపిల్‌ను కంపింపజేసి అయస్కాంతీకరణ కొలిచే యంత్రం) పొడి కదలకుండా టెఫ్లాన్ టేప్ బిగించి మళ్లీ కొలిచాను. రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి రెండు ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫులను ఒకదాని మీద ఒకటి పెడితే తేలిపోయింది, పీక్‌ల వెడల్పు ఒక్కటే. కణం చిన్నదయ్యే కొద్దీ పీక్ వెడల్పవుతుంది, కాబట్టి నిజంగా 20 అయితే రెండింతలకు పైగా వెడల్పు ఉండాలి. పీక్ వెడల్పు నుంచి కణం సైజు చెప్పే షెరర్ సూత్రంతో కడితే 20 సీసాకు 46 నానోమీటర్లు వచ్చింది.

గ్రాఫులు పంపితే సప్లయర్ వాదించలేదు, మూడు వారాల్లో వేరే బ్యాచ్ పంపారు. ఇది అసలైన 20. పీక్‌లు వెడల్పయ్యాయి, అయస్కాంతీకరణ బాగా పడిపోయింది. గది ఉష్ణోగ్రతలో లూప్ (అయస్కాంత క్షేత్రం పెంచి తగ్గిస్తూ గీసే అయస్కాంతీకరణ గ్రాఫ్) దాదాపు మూసుకుపోయి ఒకే గీతలా వచ్చింది, అంటే కొయర్సివిటీ (అయస్కాంతీకరణను సున్నాకు తేవడానికి కావాల్సిన ఎదురు క్షేత్రం) సున్నాకు దగ్గరగా ఉంది. సూపర్‌పారామాగ్నెటిక్ కణాల్లో, అంటే క్షేత్రం తీసేస్తే అయస్కాంతీకరణ నిలవనంత చిన్న కణాల్లో, కనిపించేది ఇదే. ఆ గీత చూసినప్పుడు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

5కి 3 ఇస్తున్నాను. సీసా మార్చి ఇచ్చినందుకు కాదు, పొడి శుద్ధంగా ఉన్నందుకు. తగ్గించిన రెండూ లేబుల్‌కే. సగటు సైజు ఒక్కటీ రాస్తే చాలదు. ఎన్ని డిగ్రీల దగ్గర కాల్చారో రాయాలి, ఎందుకంటే వేడి పెరిగే కొద్దీ రేణువు పెరుగుతుంది. సైజుల్లో హెచ్చుతగ్గులు ఎంతో కూడా చెప్పాలి. పెద్ద కణాలు కాసిని కలిసినా సిగ్నల్ వాటివైపే మొగ్గుతుంది.

50 సీసా మళ్లీ కొంటాను. 20 మాత్రం ఆ బ్యాచ్ ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్ ముందుగా పంపితేనే.