12 అంగుళాల గ్లోబు: కొనొచ్చు, కానీ ఉత్తరం వైపు అతుకులు చూసి కొనండి

బెంగళూరు జయనగర్‌లో ఓ స్టేషనరీ షాపులో 1,900 రూపాయలకు కొన్నాను. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ల పిల్లలకు ఆదివారాలు జాగ్రఫీ చెప్తుంటాను, దానికోసం. కొనక తప్పదనిపించింది మాత్రం కెనడా ఉత్తరపు కొసన ఉన్న రెండు చిన్న ఊళ్ల వల్ల: రెజల్యూట్, గ్రీస్ ఫియోర్డ్.

ఇవి ఉన్న నునావుట్ అనే ఉత్తర కెనడా ప్రాంతంలో ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు ఉండదు, సముద్రం చూస్తే ఏడాదిలో ఎక్కువ భాగం గడ్డకట్టే ఉంటుంది, అందుకని ఈ రెండిటి మధ్య వెళ్లాలంటే ట్విన్ ఆటర్ లాంటి బుల్లి విమానం ఎక్కి కంకర రన్‌వే మీద దిగాల్సిందే. 1953లో కెనడా ప్రభుత్వం దక్షిణాన బతుకుతున్న ఇనుయిట్ (అక్కడి ఆదివాసీ) కుటుంబాలను ఆ మంచు దీవులకు తరలించింది, 2010లో గానీ క్షమాపణ చెప్పలేదు. ఇదంతా చెప్తుంటే ఒక పాప గోడ మీది ప్రపంచ పటంలో ఆ రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి, "అంకుల్, చెన్నై నుంచి కోల్‌కతా అంత ఉంది, బుల్లి విమానం అంత దూరం పోతుందా?" అని అడిగింది. పాప కొలవడం సరిగ్గానే కొలిచింది, తేడా పటంలో ఉంది. అది మెర్కేటర్ పటం, అంటే ధ్రువాల వైపు పోయేకొద్దీ అన్నిటినీ సాగదీసి చూపించే రకం; అందులో 75 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏ దూరమైనా భూమధ్యరేఖ దగ్గరతో పోలిస్తే దాదాపు నాలుగింతలుగా కనిపిస్తుంది.

గ్లోబు మీద గ్రీస్ ఫియోర్డ్ పేరు లేదు. ఎల్స్‌మీర్ దీవి దక్షిణపు ఒడ్డున పెన్సిల్‌తో చుక్క పెట్టి, రెజల్యూట్ దాకా కుట్టుదారం బిగించి లాగితే తొమ్మిది మిల్లీమీటర్ల పైన ఒక పిసరు. ఈ సైజు గ్లోబులో మిల్లీమీటరుకు దాదాపు 42 కిలోమీటర్లు, అంటే ఊరికీ ఊరికీ సుమారు 385 కిలోమీటర్లు. అదే దారం ముక్క చెన్నై మీద పెడితే విజయవాడ దగ్గరికి వచ్చి ఆగింది! పిల్లలందరూ ఒకరి తర్వాత ఒకరు దారం పట్టుకుని చూశారు, ఆ ఒక్క దానికే పెట్టిన డబ్బు గిట్టింది.

ఇక లోపాలు. గ్లోబు మీద పక్కపక్కన అతికించిన పటం కాగితపు ముక్కలు ధ్రువం దగ్గరికొచ్చేసరికి సరిగ్గా కలవలేదు. ఎల్స్‌మీర్ తీరం అతుకు దగ్గర అర మిల్లీమీటరు పక్కకు జరిగింది. వినడానికి చిన్నదే గానీ అక్కడ అది ఇరవై కిలోమీటర్ల తేడా, ఇంత దగ్గరి ఊళ్లకు అది ఎక్కువే. ఇంకోటి, ధ్రువం మీద ఇరుసు బిళ్ల. బెంగళూరు నుంచి రెజల్యూట్‌కు దారం లాగితే ఢిల్లీ మీదుగా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువాన్ని దాదాపు ఆనుకుని అవతల దిగుతుంది, పది వేల కిలోమీటర్ల పైచిలుకు. అసలు అద్భుతమంతా అక్కడే ఉంటే దారం ఆ బిళ్లకు తట్టుకుని జారిపోతోంది, పక్కన వేలితో నొక్కి పట్టాలి.

స్టాండు గట్టిగానే ఉంది, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఎనిమిది అంగుళాలది సగం ధరకే వస్తుంది కానీ ఉత్తరాన ఏమీ కొలవలేరు, వద్దు. షాపులో బిల్లు వేయించే ముందే డబ్బాలోంచి తీయించి, కెనడా దీవుల దగ్గర గీతలు కలిశాయో లేదో చూడండి, కలవకపోతే ఇంకోటి ఇమ్మనండి.