పెనాంగ్‌లో పాము సంవత్సరం: మొదటి రోజు మూత, తొమ్మిదో రాత్రి జాతర

లాండ్రీ కొట్టు షట్టర్ మీద ఎర్ర కాగితం అంటించి ఉంది. అందులో మాకు చదవడానికి వచ్చింది ఒక్కటే: 5/2. షట్టర్ వెనక మా ముగ్గురి బట్టలూ ఉన్నాయి, మా అత్తగారి ఎర్రంచు పట్టుచీరతో సహా.

ఆ రోజు 2025 జనవరి 28. మర్నాడు చైనా వాళ్ళ కొత్త సంవత్సరం, వాళ్ళ లెక్కలో పాము ఏడాది. కౌలాలంపూర్‌లో రెండు రోజులు తిరిగి, ముందురోజే మలేసియాలోనే ఉన్న పెనాంగ్ దీవిలో దిగాం. పొద్దున్నే బట్టలిస్తే సాయంత్రం రమ్మన్నారు. నాలుగింటికి వెళ్తే వీధి వీధంతా కట్టేసి ఉంది. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తినాలి, ఊళ్ళో లేని పిల్లలు కూడా దిగిపోతారు. ఇక మన జాకెట్లూ లుంగీలూ ఎవరికి గుర్తుంటాయి? 5/2 అంటే ఫిబ్రవరి 5, పండగలో ఎనిమిదో రోజు. ఎనిమిది పలుకు వాళ్ళ భాషలో ‘సంపద కలిసిరావడం’ అనే మాటకి దగ్గరగా ఉంటుందని, చాలా కొట్లు ఆ రోజే తెరుస్తారు. కొందరు పంచాంగం చూసి ఇంకో రోజు పెట్టుకుంటారు. తుంగ్ షూ అని వాళ్ళకీ ఒక పంచాంగం ఉంది. ఏ రోజు ఏది చెయ్యొచ్చో, ఏది కూడదో అందులో రోజువారీగా రాసి ఉంటుంది. సంవత్సరాల చక్రం కూడా మనలాగే అరవై.

మొదటి నాలుగు రాత్రులూ జార్జ్‌టౌన్ పాత ఊళ్ళో ఉన్నాం. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పేట అది. కింద కొట్టు, పైన ఇల్లు ఉండే పాత మేడని గెస్ట్‌హౌస్ చేశారు. చెక్క మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి నేను చెప్పను. పండగ రేటు, పైన విదేశీయులకి గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను. అర్ధరాత్రి మొదలైన టపాకాయలు మూడింటి దాకా ఆగలేదు. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను, ఇంటావిడ కోసం.

మొదటి రోజు పొద్దున గది ఊడ్చిపెట్టమని అడిగితే ఆవిడ నవ్వి, “ఇవాళ కాదు, రేపు” అంది. మొదటి రోజు చీపురు పడితే అదృష్టాన్ని గుమ్మం బయటికి ఊడ్చేసినట్టేనట. మా అత్తగారికి వివరం చెప్పక్కర్లేకపోయింది. “దీపం పెట్టాక ఊడిస్తే లచ్చిందేవి పోదూ? అదే ఇది” అంది. ఆవిడది అనకాపల్లి. ఆ నమ్మకంలో ఇద్దరూ ఒక్కటయ్యారుగానీ, తర్వాతి గంటలోనే తేడా వచ్చింది. లాండ్రీ మూతపడిందని అత్తగారు బాత్‌రూమ్‌లో రెండు చీరలు జాడించి బాల్కనీలో ఆరేసింది. మొదటి రెండు రోజులూ బట్టలు ఉతకకూడదు, అవి నీటి దేవుడి పుట్టినరోజులట. పైగా ఒంటి మీదున్నది తెల్లటి మంగళగిరి చీర. తెలుపు వాళ్ళకి చావు రంగు. ఇంటావిడ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి ఒక ఎర్ర శాలువా తెచ్చి అత్తగారి భుజాల మీద కప్పింది. ఆరేసిన చీరల్ని మా ఆయన చప్పుడు కాకుండా లోపలికి లాగేశాడు.

నా వంతు ఇంకోటుంది. ఇంటావిడ మనవళ్ళిద్దరికీ డబ్బులిద్దామని ఎర్ర కవర్లు కొన్నాను. పెళ్ళయినవాళ్ళు పిల్లలకి ఇవ్వడం అక్కడి రివాజు, అంగ్ పావ్ అంటారు. మన అలవాటు చొప్పున ఒక్కో కవర్లో పది నోటూ, ఒక రింగిట్ నోటూ పెడుతున్నాను. ఆవిడ చూసి నా చెయ్యి పట్టుకుంది. బేసి డబ్బు చావింటికి ఇచ్చేది! ఒక రింగిట్ నోట్లు రెండూ తీసి నా పర్సులో కుక్కేసింది. “ఒక్క రూపాయి లేని చదివింపులేంటమ్మా?” అని అత్తగారు రెండు రోజులు గొణిగింది. సరిసంఖ్యే అయినా నాలుగు మాత్రం పనికిరాదు, ఆ పలుకు ‘చావు’లా వినిపిస్తుంది. తర్వాత మేం దిగిన హోటల్ లిఫ్ట్‌లో 3 తర్వాత 3ఏ, ఆ పైన 5.

మొదటి రెండు రోజులూ తిండికి తిప్పలే. బండ్ల మీద అమ్మే చైనా వంటవాళ్ళు ఒక్కరూ లేరు. దాని కోసమే పెనాంగ్ వెళ్ళేవాళ్ళు ఆ రోజుల్లో వెళ్ళి లాభం లేదు. లెబూ క్వీన్ వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ గుడి చుట్టుపక్కల లిటిల్ ఇండియా మమ్మల్ని బతికించింది. ఇడ్లీ, అరిటాకు భోజనం, ఫిల్టర్ కాఫీ.

మూడో రోజు ‘ఎర్ర నోరు’ రోజు. చుట్టాలింటికి వెళ్తే గొడవలవుతాయని ఇల్లు కదలరు. “కనుమ నాడు కాకైనా కదలదు, మనం సామాను సర్దుకుంటున్నాం” అని అత్తగారు సణుగుతూనే సూట్‌కేస్ మూసింది. బాటు ఫెరింగీ బీచ్ దగ్గర రెండు రాత్రులున్నాం. దాని గురించి చెప్పడానికేమీ లేదు. మన భీమిలి బాగుంటుంది.

ఫిబ్రవరి 2న రేవు పక్క వెల్డ్ కీ దగ్గర మామూలు హోటల్‌కి మారాం. గది అగ్గిపెట్టెంత, కానీ లిఫ్ట్ ఉంది, బస్ స్టాండ్ నడిచి వెళ్ళేంత దూరం. క్యాబ్ యాప్ పండగ రోజుల్లో రెట్టింపు చూపించేది, పైగా రెండుసార్లు డ్రైవర్ ఒప్పుకుని రద్దు చేశాడు. బస్సులు మాత్రం బంగారం. 401 ఎక్కితే విమానాశ్రయం వైపు పాముల గుడి, 204 ఎక్కితే కెక్ లోక్ సీ.

పాముల గుడి 1850 నాటిది. అక్కడి దేవుడు చోర్ సూ కాంగ్ పుట్టినరోజు పండగ ఆరో రోజున, అంటే ఈసారి ఫిబ్రవరి 3. ఏడాది కూడా పాముదే కావడంతో జనం కిక్కిరిసిపోయారు. ఎండు కొమ్మల మీద పింజర జాతి ఆకుపచ్చ పాములు ఊపిరి తీస్తున్నాయో లేదో తెలియకుండా పడి ఉన్నాయి. అత్తగారు నాగులచవితి దండం పెట్టేసింది. అరగంట చాలు. పాముతో ఫోటోకి డబ్బులడుగుతారు, మేం తీయించుకోలేదు.

కెక్ లోక్ సీకి మాత్రం సాయంత్రం మొత్తం కేటాయించండి. కొండ మీద ఏడంతస్తుల పగోడా ఉంది, 1930లో పూర్తయింది. అడుగు చైనా తీరు, నడుము థాయ్ తీరు, శిఖరం బర్మా తీరు. పండగ రోజుల్లో రాత్రిళ్ళు గుడంతా దీపాలే. నాలుగింటికే బస్సెక్కి, వెలుతురుండగా పైదాకా వెళ్ళి, దీపాలు వెలిగాక దిగడం మంచిది. ఆరు తర్వాత బయల్దేరితే ఆయెర్ ఇతమ్ రోడ్డు మీదే పండగైపోతుంది.

పాత ఊళ్ళో ఖూ వంశం వాళ్ళ వంశ మందిరం ఖూ కాంగ్సీ చూశాం. 1901లో కాలిపోతే, చక్రవర్తి కోటలా మరీ డాబుగా కట్టినందుకే దేవతలకి కోపమొచ్చిందని, 1906లో కాస్త తగ్గించి కట్టుకున్నారట. తగ్గించిందే ఇంతుంటే!

5/2 వచ్చింది. పొద్దున్నే లాండ్రీకి పరిగెత్తితే గుమ్మానికి అడ్డంగా సింహం ఆడుతోంది. డోలు, తాళాలు. పైన వేలాడదీసిన పాలకూరలాంటి ఆకుకూరని సింహం నోట కరుచుకుని, నమిలి, జనం మీదకి ఊసింది. అరగంట నిలబడ్డాం. చివరికి బట్టల మూటతో పాటు రెండు కమలాపళ్ళు చేతిలో పెట్టారు. అడగాలనుకున్నవన్నీ మర్చిపోయాను.

ఆ రాత్రి చ్యూ జెట్టీ. అసలు ఈ యాత్రలో చూడాల్సింది ఇదే. నీళ్ళలో గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇళ్ళ వాడ అది. చైనాలోని ఫూజియన్ నుంచి వచ్చిన చ్యూ వంశం వాళ్ళు ఉంటారు, ఆ ప్రాంతం వాళ్ళనే హొక్కియన్ అంటారు. హొక్కియన్ వాళ్ళకి తొమ్మిదో రోజు మొదటి రోజు కన్నా పెద్దది, ఆకాశ చక్రవర్తి పుట్టినరోజు. ఒకప్పుడు సైనికుల కత్తికి దొరక్కుండా వాళ్ళ పూర్వీకులు చెరకుతోటలో దాక్కుని, తొమ్మిదో నాడు ప్రాణాలతో బయటికొచ్చారని కథ. అందుకే ప్రతి ఇంటి బల్లకీ రెండు పక్కలా ఆకులతో సహా నిలువెత్తు చెరకుగడలు కట్టారు. బల్లల మీద గులాబీ రంగు తాబేలు రొట్టెలు, అనాసపళ్ళు, నిలువునా కాల్చిన పందులు. శాకాహారులు చూపు తిప్పుకోవాల్సిందే.

అత్తగారు లాండ్రీ నుంచి వచ్చిన పట్టుచీర కట్టుకుని, ఒక గడ కణుపుల మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ ఇంటి ముసలాయన “కమ్ చియా” అన్నాడు. ఆవిడ “చెరకు” అంది. ఆయన మళ్ళీ “కమ్ చియా”, ఆవిడ మళ్ళీ “చెరకు”. వాళ్ళ మాటలో ‘కమ్ సియా’ అంటే కృతజ్ఞతలు, చెరకుని పెట్టడంలో ఆ శ్లేష కూడా ఉందట.

వాళ్ళ లెక్కలో ఆ తొమ్మిదో రోజు ముందురాత్రి పదకొండింటికే మొదలవుతుంది, కాబట్టి పదింటికల్లా చేరుకోండి. 2026లో కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న, ఈ రాత్రి 24న. నేనైతే ఈ రాత్రికి రెండు రోజుల ముందు దిగి, రెండు రోజుల తర్వాత బయల్దేరతాను.

అర్ధరాత్రి దాటాక బంగారు కాగితాల గుట్టకి నిప్పు పెట్టి, గడలన్నీ అందులోకి విసిరేశారు. “ఎంత బెల్లమయ్యేది!” అని అత్తగారు నోరు నొక్కుకుంది. గాలి మారి మసి ఎగిరొచ్చి పట్టుచీర మీద పడింది. దులుపుకుంటూ, “మళ్ళీ ఉతకాల్సిందే” అంది.

“ఆ కొట్లో మాత్రం వద్దమ్మా” అన్నాడు మా ఆయన.