పాతకాలపు డెస్క్‌కి కొత్త టేకు పలక: కొన్నేళ్లు వాడాక

రెండు పక్కలా సొరుగుల పెట్టెలు, వాటి మీద వెడల్పాటి పలక ఉండే పాత ఇంగ్లిష్ డెస్క్ నమూనాలో చేసిన డెస్క్ నాది. కింది భాగమంతా గట్టి చెక్కే. పైపలక మాత్రం ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే బోర్డు) మీద అంటించిన వెనీర్, అంటే పలుచటి చెక్క పొర. మణికట్లు ఆనే ముందు అంచు దగ్గర వెనీర్ లేచింది, తేమ దిగి లోపలి బోర్డు ఉబ్బింది. ఒకసారి ఉబ్బిన ఎండీఎఫ్ మళ్లీ చదును కాదు. దాన్ని తీసేసి టేకుతో పలక చేసి వేశాను. అప్పటి నుంచి రోజూ దాని మీదే పని. వానాకాలాలూ ఎండాకాలాలూ దాటింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను: పలక ఎక్కడా పగలలేదు, వంగలేదు, ఒక్క అతుకూ విడలేదు. టేకు మంచిదే, కానీ ఈ ఫలితంలో పెద్ద వాటా దాన్ని కింద బిగించిన పద్ధతిది.

ఎంత బాగా ఆరిన చెక్కయినా గాలిలో తేమను బట్టి పెరుగుతూ తగ్గుతూనే ఉంటుంది. పొడవులో ఆ మార్పు లెక్కలోకి రాదు, వచ్చేదంతా వెడల్పులోనే. టేకు చాలా రకాల కంటే తక్కువ కదులుతుంది. అయినా మామూలుగా కోసిన టేకుతో 60 సెం.మీ. వెడల్పు పలక చేస్తే, చెక్కలో తేమ 4 శాతం మారేసరికి 4 నుంచి 5 మి.మీ. తేడా వస్తుంది. చివర చూస్తే వలయాల గీతలు నిటారుగా కనిపించేలా కోసిన చెక్కలో ఇది దాదాపు సగానికి తగ్గుతుంది. నేను అలాంటివే ఏరుకున్నాను. అవి సన్నంగా వస్తాయి, అతుకులు పెరుగుతాయి, పని ఎక్కువ. ఆ శ్రమ దండగ కాదు.

బిగింపు సంగతికి వస్తే, ముందు వైపు మాత్రమే స్క్రూలతో గట్టిగా పట్టించాను. మిగతా చోట్లన్నీ చిన్న చెక్క బటన్లు. బటన్ స్క్రూతో పలకకు అంటి ఉంటుంది, దాని నాలుక ఫ్రేమ్‌లో తీసిన గాడిలోకి దూరుతుంది. పలక పైకి లేవదు, కానీ వెనక్కీ ముందుకీ జరగగలదు. దీనివల్ల ముందు అంచు ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది, కదలికంతా గోడ వైపుకి పోతుంది. వెనక ఫ్రేమ్ అడుగున, పలక అంచు ఉన్నచోట పెన్సిల్‌తో గీత పెట్టాను. వానల్లో అంచు గీత దాటి దాదాపు 2 మి.మీ. బయటికి వస్తుంది, ఎండల్లో మళ్లీ లోపలికి పోతుంది. చుట్టూ స్క్రూలు బిగించి ఉంటే ఆ 2 మి.మీ. ఏదో ఒక అతుకునో, చెక్కనో చీల్చేది. పైపలక చేయబోయే ఎవరికైనా నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. డెస్క్ వెనక కాస్త ఖాళీ కూడా వదలండి.

అతికించే విషయంలో ఒక జాగ్రత్త. టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టనివ్వదు. అంచులకు చిత్రిక పట్టిన వెంటనే అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు పూసి క్లాంపులు వేయాలి. మందం 20 మి.మీ. ఉంచాను. నకలు డెస్కుల్లో చాలావాటికి పలక మరీ మందంగా పెడతారు, దాంతో అందం పోతుంది. పాతవాటి సొగసంతా పలుచటి అంచులోనూ, దానికి తీసిన గుండ్రటి మోల్డింగ్‌లోనూ ఉంది.

ఫినిష్‌గా లక్క పాలిష్ వేశాను, అడుగు భాగానికి కూడా. ఒక్క వైపే వేస్తే రెండు వైపులా తేమ ఒకేలా పీల్చుకోదు, పలక దోనెలా వంగే ప్రమాదం ఉంది. లక్క ఇచ్చే లోతైన మెరుపు పాలీయురేథేన్‌కి (ప్లాస్టిక్ పొరలా గట్టిపడే వార్నిష్) రాదని నా అభిప్రాయం. దాని బలహీనతలు మాత్రం నిజం. వేడి కప్పు పెడితే తెల్లటి వలయం పడుతుంది. శానిటైజర్ చుక్క పడినా చాలు, అందులోని ఆల్కహాల్ లక్కను కరిగించి మచ్చ చేస్తుంది. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే బాగుచేయడం కూడా అంతే సులువు. కొత్త పూత పాత పూతను కాస్త కరిగించి దానితో కలిసిపోతుంది. మచ్చ ఉన్నచోట మాత్రమే రుద్ది మళ్లీ పూస్తే అతుకు వేసినట్టు తెలియదు. పాలీయురేథేన్ అయితే చాలాసార్లు మొత్తం గీకాల్సి వస్తుంది. కప్పుల విషయంలో జాగ్రత్తపడటం కుదరని ఇంట్లో అయితే పాలీయురేథేనే మేలు.

టేకు మరీ గట్టి చెక్కేమీ కాదు. ఒక్క కాగితం పెట్టి బాల్‌పెన్ నొక్కి రాస్తే కింద అచ్చు పడుతుంది. పాత డెస్కుల్లో మధ్యలో తోలు ఎందుకు పరిచేవారో వాడుతుంటే బాగా అర్థమైంది. నేను తోలు ప్యాడ్ వేసుకున్నాను. వెలుతురుకి టేకు రంగు మారుతుంది కాబట్టి ప్యాడ్ కింద నలుచదరంగా తేడా కనిపించింది. పక్కకి జరిపితే కొన్నాళ్లకు కలిసిపోయింది. మొదటి ఏడాది ప్యాడ్‌నీ లాంప్‌నీ అప్పుడప్పుడూ జరుపుతూ ఉండండి.