తుంటి శస్త్రచికిత్స తర్వాత పరుగుకు హోకా క్లిఫ్టన్ 9

తుంటి గిన్నె అంచున వలయంలా ఉండే లాబ్రం చిరగడంతో ఆర్త్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా కీలు లోపల చేసే శస్త్రచికిత్స) చేయించుకుని, సర్జన్, ఫిజియోథెరపిస్టు ఇద్దరూ సరేనన్నాక మళ్లీ పరుగు మొదలుపెట్టినవాడిగా హోకా కంపెనీ పరుగు బూటు క్లిఫ్టన్ 9 మీద ఈ సమీక్ష రాస్తున్నాను. కీలు మార్పిడి చేయించుకున్నవారి సంగతి వేరు. కృత్రిమ కీలుతో పరుగెత్తవచ్చా లేదా అన్నది ముందు వారి సర్జన్ తేల్చాలి, బూట్ల ఎంపిక ఆ తర్వాతే.

క్లిఫ్టన్ 9 2023లో వచ్చిన మోడల్. మెత్తదనం బాగా ఉన్నా పురుషుల సైజులో ఒక్కో బూటు సుమారు 250 గ్రాములే కావడం, ఇంకా బలం పుంజుకోని కాలును ప్రతి అడుగుకూ ఎత్తవలసినవారికి నిజమైన ఊరట. దీని డ్రాప్, అంటే మడమ కింది ఎత్తుకూ మునిపాదం కింది ఎత్తుకూ మధ్య తేడా, 5 మి.మీ. బ్రూక్స్ కంపెనీ ఘోస్ట్ 15 బూటులో అది 12 మి.మీ.; ఆల్ట్రా కంపెనీ బూట్లలో చాలావాటికి సున్నా. డ్రాప్ పెరిగేకొద్దీ భారం మోకాలి వైపు, తగ్గేకొద్దీ పిక్క, మడమ వెనుక ఉండే అకిలీస్ స్నాయువుల వైపు మొగ్గుతుంది. కొంతకాలం ఊతకర్రలతో నడిచినవారి పిక్కలు సన్నబడి ఉంటాయి కనుక వారు సున్నా డ్రాప్‌కు ఒక్కసారిగా మారకూడదు.

ఈ బూటులో నాకు అన్నిటికంటే నచ్చింది ముందువైపు పడవ మూతిలా పైకి వంగిన అడుగుభాగం. శస్త్రచికిత్స తర్వాత తుంటి ముందుభాగం బిగుసుకుని కాలు వెనక్కి పూర్తిగా సాగదు. ఆ కొరతను శరీరం నడుమును వంచి పూడ్చుకుంటుంది, కీలు బాగుపడుతున్న రోజుల్లోనే నడుంనొప్పి మొదలవుతుంది. ఈ వంపు వల్ల పాదం త్వరగా ముందుకు దొర్లుతుంది కాబట్టి కాలును అంత వెనక్కి సాగదీయవలసిన అవసరం తగ్గుతుంది.

అయితే అడుగు వేసే తీరు మార్చుకోకుండా ఏ బూటూ తుంటిని కాపాడలేదు. పాదం శరీరానికి బాగా ముందు పడితే ఆ తాకిడి మోకాలికీ తుంటికీ చేరుతుంది. వేగం మార్చకుండా నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే ఈ రెండు కీళ్ల మీద భారం తగ్గుతుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపించారు. నిమిషానికి 160 అడుగులు వేసేవారు 170 దగ్గరికి వస్తే చాలు. ఫోనులో మెట్రోనోమ్ (సమానమైన తాళం వినిపించే యాప్) పెట్టుకుని, మొదట ట్రెడ్‌మిల్ మీద, కొద్దికొద్ది నిమిషాలే సాధన చేయాలి. వెనుక నుంచి ఎవరిచేతనైనా వీడియో తీయించుకుని, ఆపరేషన్ అయిన కాలి మీద నిలిచిన క్షణంలో అవతలివైపు కటి కిందికి జారుతోందేమో చూసుకోవడం మరీ ముఖ్యం. జారుతుంటే పిరుదు పక్క కండరం ఇంకా బలపడలేదన్నమాట, అప్పుడు పరుగు తగ్గించి వ్యాయామాలకే తిరిగి వెళ్లాలి. వాలుగా ఉండే రోడ్డు అంచున పరుగెత్తితే ఒక కాలు పొడవైనట్టే అవుతుంది కనుక చదునైన మట్టిబాట గానీ స్టేడియం ట్రాక్ గానీ మేలు.

ఇక మెత్తదనంలోనే ఒక ఇబ్బంది ఉంది. ఒంటికాలి మీద నిలకడ లేనివారికి ఇంత ఎత్తైన ఫోమ్ అడుగుభాగం పక్కకు ఒరిగినట్టు అనిపించవచ్చు. అందుచేత దుకాణంలో నాలుగడుగులు నడిచి సరిపెట్టుకోకుండా, రెండు బూట్లూ తొడిగి, ఆపరేషన్ అయిన కాలి మీద అర నిమిషం నిలబడి చూడండి. మడమ వణికితే మెత్తదనం తక్కువగా ఉన్న మరో బూటు తీసుకోవడమే మంచిది. పాదం వెడల్పైనవారు దీనిలోనే దొరికే వైడ్ రకాన్ని అడగాలి. అడుగుభాగం కింద అంతటా రబ్బరు పరచలేదు కాబట్టి గరుకు సిమెంటు రోడ్ల మీద త్వరగా అరగవచ్చు; అక్కడ రోజూ పరుగెత్తేవారు ధరను ఆ లెక్కలో చూసుకోవాలి.

శస్త్రచికిత్సకు ముందు కుంటుతూ వాడిన పాత జతను మాత్రం మళ్లీ తొడగవద్దు. అది ఆనాటి నడకకు తగ్గట్టు ఒకవైపే అరిగి ఉంటుంది.