గెడింగ్టన్ ఎలినార్ క్రాస్: ఒక్క పూట చాలు

లండన్‌లో చారింగ్ క్రాస్ స్టేషన్ ముందు రాతి గోపురం లాంటిది ఒకటి ఉంటుంది కదా, అది 1860ల్లో కట్టింది. ఆ వరసలో అసలువి చూడాలంటే లండన్ దాటాలి. 1290 నవంబరులో లింకన్ దగ్గర హార్బీలో ఇంగ్లండ్ రాణి ఎలినార్ చనిపోయింది. ఆవిడ భౌతికకాయాన్ని వెస్ట్‌మిన్‌స్టర్‌కి తెస్తూ రాత్రిళ్లు ఆగిన ఊళ్లలో భర్త మొదటి ఎడ్వర్డ్ రాజు 12 రాతి స్మారక స్తంభాలు నిలబెట్టించాడు, వాటినే ఎలినార్ క్రాస్‌లు అంటారు. వాటిలో ఇప్పటికి మిగిలినవి మూడే.

ఒక్కటే చూసే తీరిక ఉంటే నేను నార్తాంప్టన్‌షైర్‌లోని గెడింగ్టన్‌కే వెళ్లమంటాను. వాల్తం క్రాస్ అనే ఊళ్లోది షాపుల మధ్య ఇరుక్కుపోయింది, పైగా దాని మీదున్న రాణి విగ్రహాలు నకళ్లు. హార్డింగ్‌స్టోన్‌ది బాగానే ఉంటుంది గానీ పక్కనే పెద్ద రోడ్డు, బండ్ల మోత. గెడింగ్టన్‌ది ఊరి నడిబొడ్డున, చర్చికి దగ్గర్లో ఉంది. మూడింట్లో తక్కువ దెబ్బతిన్నదీ ఇదే.

మెట్ల చుట్టూ తిరిగితే మూడు మలుపులకే మొదటి చోటికి వచ్చేస్తాం. స్తంభానికి పక్కలు మూడే మరి! కింది భాగమంతా చిన్న చిన్న పూల చెక్కడం, జానెడు రాయి కూడా ఖాళీగా వదల్లేదు. దాని మీదే డాళ్ల బొమ్మలు: కోట గుర్తు రాణి పుట్టినింటిది, అంటే స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యానిది, మూడు సింహాలు ఇంగ్లండ్‌వి. ఆ పైన పందిళ్ల కింద మూడువైపులా రాణి నిలబడి ఉంటుంది. ముఖాలు బాగా అరిగిపోయాయి, బట్టల మడతలు మాత్రం ఇంకా తెలుస్తున్నాయి. జూమ్ ఉన్న కెమెరా ఉంటే తీసుకెళ్లండి, ఎంత మెడ ఎత్తినా పైభాగం సరిగ్గా ఆనదు. టికెట్ లేదు.

కాస్త కిందికి నడిస్తే ఐస్ నది మీద మధ్యయుగాల నాటి రాతి వంతెన ఉంది. పక్కనే బండ్లు నీళ్లలోంచి దాటే చోటు. పిల్లలుంటే అక్కణ్ణుంచి ఓ పట్టాన కదలరు.

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి కెటరింగ్‌కి రైల్లో గంట ప్రయాణం. అక్కణ్ణుంచి ఊరు నాలుగు మైళ్ల లోపే. మేము కెటరింగ్‌లో రాత్రి బస చేశాం, దండగ. గది శుభ్రంగానే ఉంది కానీ కిటికీ తెరుచుకోదు, టిఫిన్‌కి వేరే డబ్బులు. తిరుగు ప్రయాణానికి చెప్పిపెట్టుకున్న ట్యాక్సీ రాకపోవడంతో రైలు తప్పిపోతుందేమోనని ఒకటే టెన్షన్. కారులో వెళ్లగలిగితే అదే నయం. లేదంటే తిరుగు బస్సు వేళలు, ముఖ్యంగా ఆదివారం, లండన్‌లో రైలెక్కే ముందే చూసుకోండి.