నెల్లూరు, ఒంగోలు వైపు వాడిన గేమ్ కన్సోల్ కొనేవాళ్లకు హెచ్చరిక: షాపులో గేమ్ ఆడితే సరిపోదు

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఎవరైనా పిల్లల కోసం సెకండ్‌హ్యాండ్ గేమ్ కన్సోల్ చూస్తుంటే, డబ్బు చేతిలో పెట్టే ముందు దయచేసి ఇది చదవండి. షాపువాడు టీవీకి తగిలించి గేమ్ ఆడించి చూపించినంత మాత్రాన మెషిన్ బాగున్నట్టు కాదు. కంపెనీ ఆన్‌లైన్ నుంచి బ్యాన్ చేసిన మెషిన్‌లో కూడా డిస్క్ పెడితే గేమ్ చక్కగా నడుస్తుంది.

మా మేనల్లుడు కావలిలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవుల్లో పనిచేసి కూడబెట్టుకున్న డబ్బుతో నెల్లూరులో ఒక షాపులో 28,000 రూపాయలకు కన్సోల్ తీసుకున్నాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. కౌంటర్ మీద ఫుట్‌బాల్ గేమ్ పెట్టి ఆడించారు. రెండు కంట్రోలర్లూ పనిచేశాయి. వైఫై కలిపి చూపించమని వీడు అడిగితే, "మా నెట్ రావడం లేదు అబ్బయా, ఇంటికి పోయి పెట్టుకో" అన్నారు. ఇంటికొచ్చి సైన్ ఇన్ చేస్తే, ఈ కన్సోల్‌ని ఆన్‌లైన్ సేవల నుంచి నిలిపేశామని ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. ఫ్రెండ్ అకౌంట్‌తో చూశాడు, కొత్త అకౌంట్ తెరిచి చూశాడు, మెషిన్ మొత్తం రీసెట్ చేశాడు. అదే మెసేజ్.

బ్యాన్ రెండు రకాలుగా ఉంటుంది. అకౌంట్ మీద పడితే ఆ అకౌంట్ వరకే పోతుంది. మెషిన్ మీద పడితే దాంట్లో ఏ అకౌంట్ పెట్టినా ఆన్‌లైన్‌కి వెళ్లదు. పాత ఓనరు సాఫ్ట్‌వేర్‌ని హ్యాక్ చేసి పైరసీ గేమ్స్ ఆడి ఉండొచ్చు, ఆన్‌లైన్ మ్యాచ్‌ల్లో మోసం చేసి ఉండొచ్చు. వాడు చేసిన దానికి శిక్ష మెషిన్‌తో పాటు కొత్తగా కొన్నవాళ్లకు వస్తుంది. ఇక ఆన్‌లైన్ మ్యాచ్‌లు ఉండవు, గేమ్స్ దింపుకునే కంపెనీ ఆన్‌లైన్ స్టోర్ తెరుచుకోదు, ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమ్ కూడా రాదు. డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ మోడల్ అయితే ఇంక దాన్ని పెట్టుకుని చేసేదేమీ లేదు. మేం కంపెనీ కస్టమర్ కేర్‌ని అడిగితే కొన్నచోటే అడగమన్నారు.

ఇది మా ఒక్కరి గొడవ కాదు. నింటెండో కంపెనీ కన్సోల్ స్విచ్ 2 మార్కెట్‌లోకి వచ్చింది 2025 జూన్ 5న. కొన్ని వారాలు తిరక్కుండానే, పాత ఓనరు పైరసీకి పనికొచ్చే క్యాట్రిడ్జ్ (అందులో డిస్క్ బదులు పెట్టే గేమ్ కార్డు) వాడిన పాపానికి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ల మెషిన్లు ఆన్‌లైన్‌కి వెళ్లడం లేదని వేరే దేశాల నుంచి వార్తలు వచ్చాయి. పైగా అదే ఏడాది మే నెలలో ఆ కంపెనీ వాడకందారులతో చేసుకునే తన ఒప్పందాన్ని మార్చి, నిబంధనలు మీరితే మెషిన్‌నే పనికిరాకుండా చేసే హక్కు తనకుందని రాసుకుంది. డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద ఇంత అధికారం కంపెనీ చేతిలో ఉండడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. అయినా మన దగ్గర ముందుగా పట్టుకోవాల్సింది, తెలిసీ అంటగట్టే షాపులని.

ఇంకో మాయ కూడా ఉంది. "50 గేమ్స్ ఫ్రీ, అన్నీ లోపలే ఉన్నాయి" అంటారు. ఆ గేమ్స్ ఉండేది వేరేవాడి అకౌంట్ మీద. డిజిటల్ గేమ్ లైసెన్స్ అకౌంట్‌తోనే ఉంటుంది గానీ మెషిన్‌తో రాదు. వాడు పాస్‌వర్డ్ మార్చి మీ మెషిన్‌ని తీసేసిన రోజున గేమ్స్‌కి తాళం పడుతుంది. అకౌంట్లు అమ్మడం, కొనడం కంపెనీల నిబంధనలకే విరుద్ధం కాబట్టి అప్పుడు కంపెనీని అడగడానికి కూడా ఉండదు. ఫ్రీ గేమ్స్ పేరుతో నాలుగు వేలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

కాబట్టి కొనేటప్పుడు షాపులో నెట్ లేదంటే మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేయండి. మీ సొంత అకౌంట్‌తో అక్కడే సైన్ ఇన్ చేయండి. స్టోర్ తెరిచి ఏదో ఒక చిన్న ఉచిత గేమ్ డౌన్‌లోడ్ మొదలవుతుందేమో చూడండి. పది నిమిషాల పని. దానికి ఒప్పుకోని షాపులో కొనకండి. తర్వాత సీరియల్ నంబర్. మెషిన్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఉంటుంది, డబ్బా మీదా ఉంటుంది. మూడూ ఒకటేనా చూడండి. మా వాడికిచ్చిన డబ్బా మీద ఒక నంబరు, మెషిన్ మీద ఇంకో నంబరు. అంటే ఎవరిదో మంచి డబ్బాలో ఈ మెషిన్‌ని పెట్టి అమ్మారు. మెషిన్ మీది నంబరు బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్ పనిచేస్తుందని కూడా ఒక ముక్క రాయమనండి.

మేం వెనక్కి తీసుకెళితే షాపువాడు, "డిస్క్ ఆడతా ఉంది గదన్నా, ఇంకేంది? సెకండ్‌హ్యాండ్‌కి గ్యారంటీ ఏడుంటది?" అన్నాడు. బిల్లు అడిగితే కాగితం ముక్క మీద అంకె రాసిచ్చాడు. చివరికి సగం డబ్బు ఇస్తానన్నాడు, మేం ఒప్పుకోలేదు.

వాడిన వస్తువైనా షాపులో డబ్బిచ్చి కొన్నాక మీరు వినియోగదారుడే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనని మొండికేసినా అంతే. అందుకే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్‌లో అయినా సరే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. వస్తువుకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువుంది. షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. ఒంగోలువాళ్లు నెల్లూరులో కొన్నా ఒంగోలులోనే వేసుకోవచ్చన్నమాట.

బిల్లు లేదని వదిలేయకండి. మా దగ్గర యూపీఐ చెల్లింపు వివరం, షాపువాడితో వాట్సాప్ మాటలు, మెషిన్ తెర మీద మెసేజ్ ఫోటో, రెండు సీరియల్ నంబర్ల ఫోటోలు ఉన్నాయి. వాటితోనే ఫిర్యాదు చేశాం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. షాపు కాకుండా ఆన్‌లైన్ ప్రకటన చూసి ఎవరో వ్యక్తి దగ్గర కొంటే కన్స్యూమర్ కేసు కష్టమవుతుంది, ఎందుకంటే అతను వ్యాపారి కాదు. అక్కడ సైన్ ఇన్ చేసి చూడకుండా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఈ నెలలో ఎవరైనా సెకండ్‌హ్యాండ్ కన్సోల్ కొని, ఇంకా నెట్‌కి కలపకుండా డిస్క్‌లతోనే ఆడుతుంటే, ఈ రాత్రికే సైన్ ఇన్ చేసి చూడండి.